మిరుగం పట్టిన బొంతలు

గోవిందు దగ్గర మొదట ఉన్నవి పదకొండు రూపాయల ఆరణాలు, నిజాం హాలీ సిక్కా. రెండేండ్లు మోదుగాకుల ఇస్తర్లు కుట్టి వనపర్తి సంతలో అమ్మితే మిగిలిన డబ్బు అది. వైశాఖంలో ఒక్క పొద్దులో అదంతా పాత చీరెలకూ దారానికీ పెట్టేసి, మూటలు నెత్తిన పెట్టుకుని పాన్‌గల్‌లోని ఇంటికి వచ్చాడు.

వాళ్లమ్మ అమృతమ్మ మూట విప్పి ఒక్కొక్క చీరెనూ వెలుతురుకు పట్టి చూసింది. చిరుగుల్లోంచి ఎదురింటి గోడ కనబడింది.

"కొత్త చీరెలు తెచ్చే కొడుకులను చూసిన. చింపులు కొనుక్కొచ్చే కొడుకు నా కడుపుననే పుట్టిండు" అంది.

"లడాయి నడుస్తుందమ్మా. కొత్త బట్ట యాడా దొరుకుతలేదు. చలికాలం జనం ఏం కప్పుకుంటరు? వదినె కుట్టిన బొంతలే కప్పుకుంటరు."

పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతున్న రేణుకమ్మ చెయ్యి ఆగింది. "నన్ను అడిగినవా?"

"ఇప్పుడు అడుగుతున్న గదా."

"చీరెలు కొన్నంక."

అలా అందే గాని, రొట్టె పెనం మీద వేసి వచ్చి చీరెలు ముట్టుకుని చూసింది. మెత్తగా ఉన్నాయి. బొంతకు మెత్తటి చీరే కావాలి. సూది ఒద్దనకుండా దిగుతుంది.

రేణుకమ్మ గోవిందు అన్న హన్మంతు భార్య. వానలు తప్పిన ఏడు హన్మంతు మేస్త్రీ వెంట కాలువ పనికి పోయాడు. గట్టు విరిగి మీద పడింది. ఇది జరిగి రెండేండ్లు. ఈసారి కూడా వాన తప్పితే ఇంటి నుంచి ఒకరు పోక తప్పదని అందరికీ తెలుసు. ఎవరు పోతారో రేణుకమ్మ ఉగాది నాడే చెప్పేసింది. "గోవిందు పోతె అత్తమ్మకు కొడుకుండడు. నేను పోత." అదే కాలువ, అదే మేస్త్రీ. ఆ మాట విన్నాకే గోవిందు తన పదకొండు రూపాయల ఆరణాలను రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

ఆ ఇంట్లో ఏడాది పొడవునా చేతులకు ఏదో ఒక పని ఉండేది. ఫాల్గుణంలో చింతకాయ కొట్టి గింజలు తీసేవారు. చైత్రంలో వడియాలు పెట్టి కాకులను తోలేవారు. తొలకరికి పుంటికూర లేచేది. దాన్ని పచ్చిమిరపకాయలతో నూరితే తిన్న రొట్టెల లెక్క తప్పేది. చలి మొదలవగానే అనపకాయల గుడాలు ఉడికేవి. ఈ పనుల నడుమ, మధ్యాహ్నం పూట, రేణుకమ్మ బొంతలు కుట్టేది. ఆమె బొంతకు ఆఖరి ముడి ఏ కార్తెలో వేస్తే ఆ కార్తె అందులో ఉండిపోయేది. మడిచి పెట్టినన్నాళ్లు ఏమీ తెలియదు. పరిస్తే వస్తుంది. రోహిణిలో ముడిపడ్డ బొంత కప్పుకుంటే పుష్యమాసంలో కూడా అమృతమ్మ మోకాళ్లు నొప్పి మరిచిపోయేవి. స్వాతి బొంత బాలింతలకు ఇచ్చేవారు. పుబ్బ బొంత ఎవరూ అడిగేవారు కాదు, ఆ కార్తెలో ఈగలెక్కువ. పక్కింటి పెంటమ్మ ఎండాకాలం అల్లుడు వచ్చినప్పుడల్లా గోడ మీదుగా తల పెట్టి, జల్లెడ అడిగినట్టు అడిగేది. "రేణుకా, జర ఒక విశాఖ బొంత ఇయ్యి. పిల్లగాడు ఉక్కకు ఆగడు."

గోవిందు లెక్క తేలికైనది. రోహిణి పద్నాలుగు రోజులు. కుట్టడానికి నలుగురు ఆడవాళ్లు: వదిన, అమ్మ, పెంటమ్మ, పెంటమ్మ కోడలు. ఒక్కరు ఒక బొంత కుట్టడానికి నాలుగు రోజులు. మొత్తం పద్నాలుగు బొంతలు. కార్తీకంలో కురుమూర్తి జాతరలో అమ్మితే ఆరు బస్తాల జొన్నలు. ఆరు బస్తాలుంటే చెల్క పండినా ఎండినా వచ్చే వానకాలం దాకా ముగ్గురి కడుపులు గడుస్తాయి.

"అన్ని బొంతలు కుట్టి పెట్టుకుందాం. ముడులు మాత్రం ఆఖరి రోజు ఒక్కసారే వెయ్యి వదినె. ఆ రోజు ఎండ బాగ ముదురుతది. బొంత గూడ గట్లనే ముదురుతది."

రేణుకమ్మకు నచ్చలేదు. "కార్తె అంచు మీద ముడెయ్యొద్దు. అయినకాడికి నడుమల్నే వేద్దాం."

"నడుమల వేస్తె ఏడో ఎనిమిదో అయితయ్. పద్నాలుగు గావాలె."

"ఐతె పంతులును అడుగు. కార్తె ఏ గడియకు మారుతదో చెప్తడు."

"పద్నాలుగు రోజులు వదినె. లెక్క మన దగ్గర్నే ఉంటె పంతులెందుకు?"

ఆఖరి రోజు పొద్దున్నే రేణుకమ్మ అరుగు మీద కూర్చుంది. ముడి ఆమే వేయాలి, వేసేటప్పుడు మాట్లాడకూడదు. ఎండకు అరుగు కాలుతోంది. గోవిందు ఒక్కొక్క బొంత అందించాడు. ఏడు ముడులు పడేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు పెంటమ్మ ఇంట్లోంచి చేపల పులుసు వాసన వచ్చింది, మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాడు ప్రతి ఇంట్లో వండే పులుసు.

"ఏం పెంటక్కా, చేపలు రేపు గదా తినాలె. మిరుగం రాకముందే ఆగలేకపోతివా?" అని గోడ మీదుగా అడిగాడు గోవిందు.

"మా ఆయన ఇయ్యాల్నే వండుమన్నడు. చెరువు కాడ ఎవరో చెప్పిండ్రంట. నాకేం తెల్సు, తెచ్చిండు, వండిన. నీకో గిన్నె పంపాల్నా వద్దా?"

"పంపు, పంపు."

పొద్దుగూకే లోపల మిగిలిన ఏడు ముడులూ పడ్డాయి. పద్నాలుగు బొంతలు మడిచి అటక మీద పెట్టారు.

ఆ ఏడు మిరుగంలో రెండు వానలు పడ్డాయి. జొన్న మోకాలెత్తు లేచింది. తరువాత మబ్బు కనబడలేదు. దసరాకు చెల్కలో కోసిందంతా ఇంటికి తెస్తే ఒక్క బస్తా అయింది. మేస్త్రీ బాలస్వామి కబురు పంపాడు, తన బండ్లు ఈసారి జాతర నుంచే కదులుతాయని, పేరు రాయించుకున్నవాళ్లు అక్కడికే రావాలని. రేణుకమ్మ పేరు రాయించింది. బొంతలకు ఆరు బస్తాలు వస్తే పేరు కొట్టెయ్యాలన్నది కూడా చెప్పి పంపింది.

జాతరలో గోవిందు, రేణుకమ్మ ఒక బండి నీడలో బొంతలు పేర్చుకుని కూర్చున్నారు. పొద్దున చలి కోస్తోంది. కొనేవాళ్లు మడత కొంచెం విప్పి చెయ్యి పెట్టి, వేళ్లకు రోహిణి తగలగానే బేరమాడటం మరిచిపోయారు. రెండో జాములోపే పైన పేర్చిన ఏడు బొంతలు పోయాయి. వచ్చిన డబ్బుకు మూడు బస్తాల జొన్నలు కొని గోవిందు బండిలో వేశాడు. సగం లెక్క తేలింది.

ఎనిమిదో బొంతను అడిగింది గద్వాల నుంచి వచ్చిన వెంకటన్న. మగ్గం నేసే మనిషి. నడుము కొద్దిగా వంగింది, వేళ్లు మాత్రం కుదురుగా లేవు, ఎప్పుడూ దేన్నో తడుముతున్నట్టు ఉంటాయి.

"చెయ్యి పెడితె ఏం తెలుస్తది. పరువు, కూసోని చూస్త" అన్నాడు.

గోవిందు పరిచాడు. వెంకటన్న కూర్చున్నాడు. కాసేపు అలాగే ఉండి, ముఖం ఒక తీరుగా పెట్టి లేచాడు. పంచె వెనక భాగం మొత్తం తడిసి ఉంది.

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వారు.

"పెద్దయ్యా, కొండెక్కకముందే ఆపుకోలేకపోతివా?"

"ఇది పసిపిల్లల బొంత గావచ్చు. అదే అలవాటు చేస్తుంది."

ఉపవాసంతో ఉన్న ఒక ముసలాయన ముక్కు ఎగబీల్చాడు. "చేపల పులుసు వాసన వస్తుంది. దేవుని జాతరల చేపలెవరు వండుతుండ్రు?"

గోవిందుకు నవ్వు రాలేదు. వంగి బొంత అంచు ఎత్తాడు. కింద సన్నగా జల్లు పడుతోంది. మట్టి వాసన, మొదటి వాన మట్టి వాసన, దాని వెనకే పెంటమ్మ పులుసు. తొమ్మిదోది పరిచాడు. జల్లు. పదోది. జల్లు. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. నేలంతా చిత్తడైంది. పక్క దుకాణం మనిషి తన బెల్లం గంపలు ఎత్తి దూరం పెట్టుకున్నాడు.

"మడువు" అంది రేణుకమ్మ.

గోవిందు వినలేదు. కొండ మెట్ల దగ్గర పంచాంగం పెట్టుకుని కూర్చున్న పంతులు దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా, ఈ ఏడు మిరుగం ఎప్పుడు ప్రవేశించింది?"

పంతులు ఆకు తిప్పి, వేలితో గీత వెంట జరిపి చెప్పాడు. గోవిందు రేపనుకున్న మిరుగం ఆ రోజే, పొద్దు నెత్తి మీదికి వచ్చే గడియకు వచ్చింది. రోహిణికి పద్నాలుగు రోజులు నిండనే లేదు, కొన్ని గడియలు తక్కువ.

గోవిందు తిరిగి నడుచుకుంటూ వచ్చాడు. ఎన్ని అడుగులు వేశాడో అతనికి తెలియదు. అడుగులు లెక్కపెట్టకుండా నడవడం అతనికి అదే మొదటిసారి.

"వదినె, ఏడు ముడులే రోహిణి. నువ్వు చెప్పినవ్. నేనే పంతులును అడగలె."

రేణుకమ్మ తడి బొంతలు మడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. బండిలో ఉన్న మూడు బస్తాల వైపు చూసింది, తరువాత తన చిన్న బట్టల మూట వైపు చూసింది. ఆ మూట ఇంటి దగ్గరే కట్టుకుని వచ్చింది.

బాలస్వామి చేతిలో కాయితం పట్టుకుని వచ్చాడు. "మూడే ఉన్నయ్ గదమ్మా బస్తాలు. రేపు పొద్దుగాల బండ్లు కదుల్తయ్. పేరు ఉంచాల్నా, కొట్టెయ్యాల్నా?"

"ఉంచు" అని రేణుకమ్మ నోరు తెరిచేలోపే వెంకటన్న మళ్లీ వచ్చాడు. తడి పంచె మార్చుకోలేదు. భుజాన ఉన్న సంచిలోంచి నూలు పోగు ఒకటి తీశాడు. రెండు వేళ్లతో లాగాడు. పటుక్కున తెగింది. ఇంకొక పోగు తీసి, మడిచిన బొంతను కొంచెం తెరిచి దాని కింద పట్టి, పది లెక్కపెట్టేంత సేపు ఉంచి లాగాడు. తెగలేదు. మళ్లీ లాగాడు. వేలికి చుట్టి గుంజాడు. తెగలేదు.

నవ్వినవాళ్లు దగ్గరికి వచ్చి చూస్తున్నారు.

"చలిగాలికి పోగు ఎండు పుల్ల లెక్క అయితది" అన్నాడు వెంకటన్న, ఎవరితోనో కాదు, పోగుతోనే. "జానెడు నేస్తె నాలుగు పోగులు తెగుతయ్. మగ్గం గుంతల నీళ్లు చల్లిన, తడి గోనెలు కట్టిన. వానకాలం నేసినట్టు అయితలేదు." తలెత్తాడు. "ఈ ఏడు బొంతలకు ఒక బస్తా జొన్నలు ఇస్త. అంతకన్న నా దగ్గర లేవు."

గోవిందు బుర్ర వెంటనే కదిలింది. మూడు, ఒకటి, నాలుగు. రెండు తక్కువ. "ఇంట్ల ఎన్ని మగ్గాలు పెద్దయ్యా?"

"రెండు. ఒకటి ఉత్తదే. మా తమ్ముడు షోలాపురం మిల్లుకు పోయిండు. మూడేండ్లాయె, గుంతల సాలీళ్లు గూడు కట్టినయ్."

"రెండు మగ్గాలంటె రెండు బస్తాలన్న ఇయ్యాలె..."

"గోవిందూ" అంది రేణుకమ్మ. "బొంతలు అమ్మం."

గోవిందు తిరిగి చూశాడు. మేస్త్రీ కూడా చూశాడు. రేణుకమ్మ లేచి నిలబడింది. కొంగు సరిచేసుకుంది. అంతమంది మగవాళ్ల ముందు ఆమె గొంతు ఎట్లా ఉంటుందో గోవిందు ఎప్పుడూ వినలేదు. మామూలుగానే ఉంది, పొయ్యి దగ్గర ఉప్పు అడిగినట్టు.

"పెద్దయ్యా, బొంతలు నాతోని వస్తయ్. నేను మీ ఇంటికొస్త. ఆ ఉత్త గుంతల కూసుంట. నాకు నేసుడు నేర్పు."

బెల్లం దుకాణం మనిషి చేతిలో గంప పట్టుకునే ఉన్నాడు. ఉపవాసం ముసలాయన వేలు ముక్కు మీదికి పోయింది. వెంకటన్న నోరు తెరిచి, చేతిలో పోగు ఉన్న సంగతి మరిచి, చెయ్యి నోటి మీద పెట్టుకున్నాడు.

ముందు తేరుకున్నది మేస్త్రీ. "కాపోళ్ల కోడలు పోయి నేతగుంతల దిగుతదంట. యాడన్న ఉందా?"

"మా ఇంటి ఆడోళ్లే దిగరు బిడ్డా" అన్నాడు వెంకటన్న మెల్లగా. "నూలు చుడుతరు, గంజి పెడుతరు. మగ్గం మగోని పని."

"మన్ను తవ్వుడు గూడ మగోని పనే ఉండె. మగోళ్లు సచ్చినంక నా పేరు రాసుకున్నరు." రేణుకమ్మ మేస్త్రీ చేతిలోని కాయితం వైపు చూసింది. "తట్ట ఎత్తనీకి రమ్మన్నప్పుడు ఎవరు అడగలె, ఆడదానివి ఎట్ల దిగుతవని."

బాలస్వామి కాయితం మడిచాడు, మళ్లీ విప్పాడు.

"నాకు రెండు పూటలు తిండి పెట్టు. మా అత్తమ్మకు నెలకు అర బస్తా జొన్నలు పంపు. బొంతలు నావి, నేను ఉన్నన్ని రోజులు నీ ఇంట్ల మిరుగం ఉంటది. పోగు తెగకపోతె నువ్వెంత నేస్తవో నీకే తెల్సు."

అర బస్తా, ఆరు నెలలు, మూడు బస్తాలు. బండిలో మూడు. గోవిందు లెక్క పూర్తి చేసేసరికి ఆమె అప్పటికే మాట ముగించి కూర్చుంది. ఇన్నాళ్లూ ఇంట్లో లెక్కలు తనొక్కడికే వచ్చుననుకున్నాడు.

వెంకటన్న చాలాసేపు పోగును వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నాడు. ఊళ్లో ఏమంటారో అనుకుంటున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది. చివరికి వంగి ఒక బొంత ఎత్తి భుజాన వేసుకున్నాడు. నీళ్లు వీపు మీదుగా కారాయి.

"తడి బొంత బరువుంటది. నువ్వు రెండే ఎత్తుకో" అన్నాడు.

గోవిందు ఒక్కడే బండి తోలుకుని పాన్‌గల్ చేరాడు. అమృతమ్మ అరుగు మీద అనపకాయలు ఒలుస్తోంది. బండిలో మూడు బస్తాలు చూసింది, కొడుకును చూసింది, కొడుకు వెనక ఎవరూ లేకపోవడం చూసింది. చేటలో గింజలు జారి నేల మీద పడ్డాయి.

"మేస్త్రీ బండి ఎక్కిచ్చినవా దాన్ని?"

"లేదమ్మా. కాలువకు పోలె."

"మరేది?"

"గద్వాలకు పోయింది. మగ్గం నేర్చుకుంటది."

ఏడవడానికి తెరిచిన నోరు అమృతమ్మకు అలాగే ఉండిపోయింది. ఒక ఈగ వచ్చి ఆమె చేతి మీద వాలి, నడిచి, ఎగిరిపోయింది. "మగ్గమా?"

"ఊఁ."

"ఎవరన్నరు?"

"తనే అడిగింది. జాతరల, అందరి ముంగట."

"అంతమందిల?"

"అంతమందిల."

అమృతమ్మ కింద పడ్డ గింజలు ఒక్కొక్కటీ ఏరసాగింది. "నా కొడుకు శవం వచ్చిన్నాడు గూడ అది అంతమందిల నోరిప్పలె" అంది.

తరువాత నాలుగు రోజులు అమృతమ్మ పనులు చేసుకుంటూ పోయింది. ఐదో రోజు పొద్దున్నే లేచి సజ్జపిండి కలిపి, రొట్టెలు పలచగా కొట్టి, కరకరమనేలా కాల్చింది. నువ్వులు వేయించి ఎండుమిరపకాయలతో దంచింది. గుడాలు ఉడికించి, పోపు పెట్టి, అన్నీ ఒక గుడ్డలో కట్టి గోవిందు ముందు పెట్టింది.

"పోయి చూసి రా. నిజంగ గుంతల కూసోబెట్టిండ్రా, మూలకు కూసోబెట్టి నూలు చుట్టిస్తుండ్రా. చుట్టిస్తుంటె ఒక్క మాట మాట్లాడకుంట తోల్కొని రా. మాటిచ్చి తప్పితె మంచిగుండదు."

"తోల్కొస్తె బస్తాలెట్లమ్మా? మూడు తక్కువైతయ్."

"నీ లెక్క నీ దగ్గర పెట్టుకో. పో."

కృష్ణ రేవులో పుట్టి నడిపే మనిషి మూట వాసన చూసి, గుడాలు అడిగి ఒక గుప్పెడు తిన్నాడు. అవతలి ఒడ్డు దిగి గోవిందు నడిచాడు. గద్వాలలో నేతగాళ్ల వీధి వెతకాల్సిన పని లేకపోయింది. మగ్గాల చప్పుడే దారి చూపింది. కానీ చలి వల్ల ఆ చప్పుడు ఏ ఇంట్లోనూ సాగడం లేదు. నాలుగు దెబ్బలు, ఆగడం, తెగిన పోగును ఎవరో తిట్టడం. మళ్లీ నాలుగు దెబ్బలు.

వీధి చివరి ఇంటి గుమ్మం ముందు నేల తడిగా ఉంది. లోపలి నుంచి ఎడతెగని చప్పుడు వస్తోంది, ఎక్కడా ఆగకుండా, నలభై ఏండ్లు చేసిన చేయి చప్పుడు. గోవిందు గోడకు ఆనుకుని విన్నాడు. అది వెంకటన్న మగ్గం. దాని పక్కన నిశ్శబ్దం. నూలు చుట్టే రాట్నం ఒకటి ఎక్కడో తిరుగుతోంది. మూటను గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు రెండో చప్పుడు వినబడింది. ఒక దెబ్బ. గోవిందు లెక్కపెట్టాడు. తొమ్మిది వరకు వచ్చాడు. రెండో దెబ్బ. మళ్లీ తొమ్మిది. తరువాత ఎనిమిది. తడబడింది, పదకొండు. తరువాత ఎనిమిది, ఏడు, ఏడు.

"ఎడమ కాలు బిడ్డా, ఎడమ కాలు తొక్కు" అని వెంకటన్న గొంతు వినబడింది.

"తొక్కుతున్న పెద్దయ్యా. రెండు కాళ్లు నావే, ఎక్కడికి పోవు."

ఎవరో ఆడమనిషి నవ్వింది. మళ్లీ దెబ్బ పడింది. ఆరు.

గోవిందు చెప్పులు విడిచాడు. మూటను చంకలో పెట్టుకుని, తల వంచి, తడి గడప దాటడానికి కాలు ఎత్తాడు.